ఓడినను స్తుతింతుమా?



గత వేసవి సెలవులలో మా సంఘమందు కుటుంబముల కూటము జరిగినప్పుడు, పెద్దలును పిల్లలును కలిసి చూడదగిన చలనచిత్రమొకటి చూపవలెనని యువజనులు అడిగిరి. తల్లిదండ్రులు బిడ్డల ప్రక్కను కూర్చుండి సిగ్గుపడక చూడగల చిత్రము దొరకుట ఈ దినములలో ఎంత కష్టమో మీరెరుగుదురు. నేను ఏరి యిచ్చినది ‘ఫేసింగ్ ది జెయింట్స్’ అను అమెరికా చిత్రము. గోడకు తెల్ల దుప్పటి కట్టి దానిని చూపిరి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. పెద్దలలో కొందరు కన్నులు తుడుచుకొనిరి. మంచి పని చేసితినని నేనును సంతోషించితిని.

కూటము ముగిసి చాపలు చుట్టుచుండగా మా సంఘములోని ఒక సహోదరి నాయొద్దకు వచ్చెను. వివాహమై చాల ఏండ్లైనను ఆ దంపతులకు సంతానము లేదు. ఆమె మెల్లగా, “అయ్యగారూ, సినిమాలో ఆ కోచ్ భార్యకు బిడ్డ పుట్టింది గదా. మరి మేము చేసిన ప్రార్థనలో ఏం తక్కువైందంటారు?” అని అడిగెను.

నేను ఏదో చెప్పి ఆమెను పంపివేసితిని. చెప్పినది నాకే తృప్తి కలిగింపలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి చిత్రమును మొదటినుండి మరల ఒంటరిగా చూచితిని. మొదటిసారి చూచినప్పుడు నాకు కనబడనిది రెండవసారి కనబడెను. ఏరి చూపినవాడను నేనే గనుక, దానినిగూర్చి వ్రాయు బాధ్యతయు నాదేయని తలంచి ఈ మాటలు వ్రాయుచున్నాను.

మొదట ఆ చిత్రమునకు చెల్లవలసిన ఘనతను చెల్లింతము. అది 2006వ సంవత్సరము సెప్టెంబరు నెలలో విడుదలయ్యెను. తీసినది పేరుమోసిన సినిమా కంపెనీ కాదు. జార్జియా రాష్ట్రములోని ఆల్బనీ పట్టణపు షేర్‌వుడ్ బాప్టిస్టు సంఘము. ఆ సంఘపు సేవకులలో ఒకరైన అలెక్స్ కెండ్రిక్ తన తమ్ముడు స్టీఫెన్‌తో కలిసి కథ వ్రాసి, తానే దర్శకత్వము వహించి, ముఖ్యపాత్రనుకూడ ధరించెను. నటించినవారిలో ఎక్కువమంది జీతము పుచ్చుకొనని సంఘస్థులు. సుమారు 1,00,000 డాలర్లతో తీసిన చిత్రము 1,00,00,000 డాలర్లకు పైగా రాబట్టెను. సంఘస్థులు తమ సాయంకాలములను, తమ చెమటను అర్పించి తీసిన చిత్రములో అపవిత్రమైన మాట యొకటియు లేదు. ఇది చిన్న సంగతి కాదు. దీనిని తప్పుపట్టువాడు మొదట ఈ సంగతిని ఒప్పుకొని పిమ్మట నోరు తెరవవలెను.

కథ ఆటనుగూర్చినది. అమెరికావారు ఫుట్‌బాల్ అనునది మన పిల్లలు ఆడు ఫుట్‌బాల్ కాదు. కోడిగ్రుడ్డువలె కోలగానున్న బంతిని చేతపట్టుకొని, తలకు గట్టి టోపీలు పెట్టుకొని, పక్షమునకు పదునొకండుమంది చొప్పున ఒకరినొకరు త్రోసికొనుచు 100 గజముల మైదానములో ముందుకు సాగుదురు. అవతలి హద్దు దాటినను, బంతిని కాలితో తన్ని రెండు స్తంభముల నడుమ పైనుండి పంపినను లెక్క వచ్చును.

గ్రాంట్ టేలర్ అనునతడు షిలోహు అను పేరుగల క్రైస్తవ పాఠశాలలో ఈ ఆటకు కోచ్. ఆరు సంవత్సరములుగా అతని జట్టు తలయెత్తుకొన్న యేడు ఒక్కటియు లేదు. ఈ యేడును వరుసగా ఓటములే. పిల్లల తండ్రులు అతని తొలగింపవలెనని చాటున మాటలాడుకొనుచున్నారు. ఇంటిలో దుర్వాసన, ఎంత వెదకినను కారణము తెలియదు. పాత కారు ఎక్కడబడిన అక్కడ నిలిచిపోవును. అన్నిటికంటె పెద్ద దెబ్బ, బిడ్డలు కలుగకపోవుటకు కారణము అతనియందే యున్నదని వైద్యుడు చెప్పుట. అప్పుడతడు బైబిలు తెరచి, పొలములో మోకరించి, తన జీవితమును జట్టును దేవునికి అప్పగించును. గెలిచినను దేవుని స్తుతింతము, ఓడినను ఆయననే స్తుతింతము అని పిల్లలకు నేర్పును. ఇక్కడికి సగము చిత్రము.

రెండవ సగములో ఏమి జరుగును? చదువరీ, చూడనివారును చెప్పగలరు. జట్టు గెలుచుటకు ఆరంభించును. పాఠశాలలో ఉజ్జీవము కలుగును. ఎవరో క్రొత్త ట్రక్కు కానుకగా ఇత్తురు. జీతము పెరుగును. భార్య గర్భవతియగును. తుదకు మూడేండ్లు వరుసగా గెలిచిన ‘జెయింట్స్’ అను మహాజట్టును, అనగా గొల్యాతును, ఈ చిన్న జట్టు ఓడించును. ఆటలో ఆఖరి తన్ను 51 గజముల దూరమునుండి. తన్నినవాడు బలహీనుడైన క్రొత్త బాలుడు. చక్రముల కుర్చీలోనున్న అతని తండ్రి కంచె పట్టుకొని లేచి నిలుచును. ఎదురుగాలి సహితము సమయమునకు తిరుగును. ఇదియు చాలక, రెండేండ్ల తరువాత అని చెప్పి మరియొక గెలుపును, ఇంట ఒక బిడ్డను, రెండవసారి గర్భమును చూపుదురు. అంగడివాని పద్దు పుస్తకములో చెల్లింపులు వ్రాసినట్టు, మొదటి సగములో పోయినదంతయు రెండవ సగములో వరుస తప్పక చెల్లిపోవును.

ఆటలనుగూర్చిన కుటుంబ చిత్రములన్నియు ఇట్టివే గదా, చిన్నవాడు గెలువనిదే పిల్లలు ఒప్పుకొందురా అని మీరందురు. నిజమే. కేవలము వినోదము కొరకైన చిత్రమైతే నేనును ఇంత మాట అనను. అయితే ఇది దేవునిగూర్చి సాక్ష్యము పలుకుటకు వచ్చిన చిత్రము. సాక్షి పలుకు మాటను సాక్ష్యముగానే పరీక్షింపవలెను.

నాకు నొప్పి కలిగించినది ఈ చిత్రము ప్రశ్నయెరుగక పోవుట కాదు. ప్రశ్నను అది చక్కగా ఎరుగును. దేవుడు మనకు ఎన్నడును బిడ్డల నియ్యకపోయినను నీవు ఆయనను ప్రేమింతువా అని గ్రాంట్ తన భార్యయైన బ్రూక్‌ను అడుగును. ఇంతకంటె లోతైన ప్రశ్న ఏ ప్రసంగములోనున్నది? అటుతరువాత ఆమె వైద్యశాలకు పోయి పరీక్ష చేయించుకొనును. గర్భము లేదని చెప్పుదురు. ఆమె బయటికి వచ్చి, కారులు నిలుపు స్థలములో కన్నీటితో, ప్రభువా, అయినను నిన్ను ప్రేమింతును అని చెప్పును. చిత్రమంతటిలో మహిమగల నిమిషము అదే. నేను ఆ రాత్రి చిత్రమును అక్కడ ఆపి చాలసేపు ఊరక కూర్చుంటిని.

మరల నడిపింపగా ఏమాయెను? ఆ మాట ఆమె నోట ఇంకను ఆరకముందే నర్సు పరుగెత్తుకొని వచ్చి, ఫలితము చెప్పుటలో పొరపాటు జరిగినదని, ఆమె గర్భవతియేయని చెప్పును. ఒక్క రాత్రియైనను ఆ స్త్రీ ఆ మాటతో జీవింపలేదు. ఖాళీ ఉయ్యాలవైపు చూచుచు ఒక్క ఉదయమైనను ఆ మాటను మరల చెప్పవలసి రాలేదు.

ఇది ఒక్కచోటనే జరిగినయెడల తొందరపాటు అని విడిచిపెట్టుదును. రెండవచోటను ఇట్లే జరిగెను. ఓడినను స్తుతింతుమని నేర్చుకొన్న జట్టు, పెద్ద పోటీల మొదటి ఆటలో నిజముగానే ఓడును. పిల్లలు ఏడ్తురు. ఇప్పుడు గదా వారు నేర్చిన పాఠము పరీక్షకు వచ్చినది! అంతలో గెలిచిన జట్టువారు వయస్సు మించిన బాలురను ఆడించిరని తేలి, ఆ గెలుపు కొట్టివేయబడి, మనవారు తరువాతి ఆటకు పోవుదురు. స్త్రీకి సంతానలేమి, జట్టుకు ఓటమి. రెండుసార్లును చిత్రము సిలువను భుజముపైకెత్తి, రెండుసార్లును వెంటనే దింపివేసెను. ఓడినను స్తుతింతుమను మాట గోడమీద వ్రాసియున్నదిగాని, దానిని చెల్లించు అవసరము ఎవరికిని రాలేదు.

దీనివలన కలుగు హాని ఏమనగా, స్తుతి వెలగా మారును. నీకేమియు వద్దని చెప్పినయెడల అన్నియు దొరకునని పిల్లవాడు నేర్చుకొనును. ఇది భక్తి కాదు, బేరములో ఒక నేర్పు. అన్నియు దొరకనివాడు, నేను ఆ మాటను సరిగా చెప్పలేదు కాబోలునని తన్ను తాను శోధించుకొనుచు కృశించిపోవును. మా సహోదరి అడిగిన ప్రశ్న ఈ లోపమునుండియే పుట్టినది. చిత్రము ఆమెను మోసగింపవలెనని తలంచలేదు. అయినను దానిలో ఆమెవంటివారికి స్థలము లేకపోయెను.

చిత్రములో ముసలివాడైన బ్రిడ్జెస్ అను భక్తుడొకడు వచ్చును. పాఠశాల నడవలో పిల్లల పెట్టెలపై చెయ్యి వేయుచు సంవత్సరములు ప్రార్థించినవాడు. అతడు కోచ్‌తో ఒక ఉపమానము చెప్పును: ఇద్దరు రైతులు వానకొరకు ప్రార్థించిరి; ఒక్కడే పొలమును సిద్ధపరచుకొనెను; ఎవని విశ్వాసము నిజమైనది? మంచి ఉపమానమే. అయితే మా అనంతపురము జిల్లాలో దీనిని చెప్పవలెనంటే నా నోరు తడబడును. ఇక్కడ రైతులు ఇద్దరును దుక్కి దున్నుకొందురు. అప్పుతెచ్చి వేరుశనగ విత్తనము సిద్ధముచేసికొందురు. ఎన్నో యేండ్లు వాన రాలేదు. పొలము సిద్ధపరచి, ప్రార్థించి, వాన లేక పోగొట్టుకొన్న విశ్వాసికి ఈ ఉపమానము ఏమి చెప్పును? ఆదివారము ఉదయము గుడిలో ముందువరుసను కూర్చుండువాడు అతడే.

ఇంకొక మాట. ఆఖరి ఆటలో ఎదుటి జట్టు పిల్లలలో ఒక్కనికైనను మనము గుర్తుపట్టదగిన ముఖము లేదు. వారు సంఖ్యలో అధికులు, వారి కోచ్ గర్విష్ఠి, అంతే. జార్జియా గుడులతో నిండిన రాష్ట్రము. ఆ జట్టులో ప్రార్థించు బాలుడు ఒక్కడును లేడా? అతని తల్లి ఆ రాత్రి కంచె ప్రక్కను నిలిచి ప్రార్థింపలేదా? గాలి తిరిగినప్పుడు ఆ బాలుడు ఏమని తలంచెను? గొల్యాతు సజీవుడగు దేవుని తిరస్కరించెను గనుక దావీదు అతని ఎదిరించెను. ఎదుటిపాఠశాల బాలుడు చేసిన పాపమేమి? మన పిల్లలు క్రికెట్ ఆడునప్పుడును పరీక్షలు వ్రాయునప్పుడును దేవుడు మన పక్షమే యున్నాడని తలంచుట సహజము. ఆ తలంపును సరిదిద్దవలసిన క్రైస్తవ చిత్రము దానినే గట్టిపరచెను.

అయితే దేవుడు ఇయ్యలేడా అని ఎవరైనను అడుగవచ్చును. ఇయ్యగలడు, ఇచ్చుచున్నాడు. వ్రాయబడిన లేఖనమును చూడుడి. ఆ పాఠశాల పేరు షిలోహు. హన్నా ప్రార్థించినది షిలోహులోనే. 1 సమూయేలు 1వ అధ్యాయమును నెమ్మదిగా చదివితే 18వ వచనములో ఒక సంగతి కనబడును. హన్నా గర్భవతియగుటకు ముందే, చేత ఏమియు లేకయే, లేచి వెళ్లి భోజనము చేసెను. ఆమె ముఖమున దుఃఖము నిలువలేదు. తరువాత దినములు గడచెను. పరిశుద్ధ గ్రంథము హన్నాకు ఆ దినములను ఇచ్చెను; చిత్రము బ్రూక్‌కు ఇయ్యలేదు. లూకా 1వ అధ్యాయము 6, 7 వచనములలో జెకర్యా ఎలీసబెతులు నీతిమంతులును నిరపరాధులును అని చెప్పిన వెంటనే వారికి పిల్లలు లేరని వ్రాయబడియున్నది. నీతిలో కొరత యున్నందున బిడ్డలు లేరని అనుటకు లూకా చోటు విడువలేదు. పౌలు ముమ్మారు వేడుకొన్నను ముల్లు తీసివేయబడలేదు. కృప మాత్రమే ఇయ్యబడెను. అగ్నిగుండము నెదుట నిలిచిన ముగ్గురు యౌవనులు దేవుడు రక్షింపగలడని చెప్పి ఊరకుండలేదు. రక్షింపకపోయినను ప్రతిమకు మ్రొక్కమని దానియేలు 3:18లో చెప్పిరి.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయమును తీసికొనుడి. 33వ వచనమునుండి రాజ్యములు జయించినవారు, సింహముల నోళ్లు మూసినవారు, చనిపోయిన తమవారిని మరల పొందిన స్త్రీలు కనబడుదురు. 35వ వచనపు నడుమ మాట తిరుగును. అక్కడనుండి కొరడాదెబ్బలు తిన్నవారు, రాళ్లతో కొట్టబడినవారు, రంపములతో కోయబడినవారు, గొఱ్ఱెచర్మములు కట్టుకొని తిరిగినవారు వచ్చుదురు. ఇరువురికిని విశ్వాసము ఒక్కటే. ఇరువురును సాక్ష్యము పొందినవారే. మన చిత్రము 35వ వచనపు సగముననే పుస్తకము మూసివేసినది.

ఆటనుగూర్చియే మరియొక సాక్షిని పిలుతును. 1924వ సంవత్సరము పారిస్ ఒలింపిక్ పోటీలలో స్కాట్లండుకు చెందిన ఎరిక్ లిడెల్, తాను గెలువగల 100 మీటర్ల పరుగు ఆదివారమున నియమింపబడినందున మానుకొనెను. 400 మీటర్ల పరుగులో 47.6 సెకండ్లలో మొదటివాడై బంగారు పతకము పొందెను. దీనినిగూర్చి 1981లో వచ్చిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ అను చిత్రమును చాలమంది చూచియుందురు. అదియు తప్పులేనిది కాదు. లిడెల్ ఆ సంగతిని నెలలముందే ఎరిగియుండగా, ఓడ ఎక్కునప్పుడు తెలిసినట్టు చూపిరి. అయినను అది ఎదుటివానికి ముఖము నిచ్చెను. 100 మీటర్లు గెలిచిన యూదుడైన హెరాల్డ్ అబ్రహామ్స్ మనస్సులోని బాధను మనము చూడగలము. అంతేకాక లిడెల్ తీసికొన్న తీర్మానమునకు ఆయన ఏదో కోల్పోయెనని మనకు తోచును.

పతకముతో లిడెల్ కథ ముగియలేదు. పరుగుకు ముందు ఒకరు 1 సమూయేలు 2:30 వచనపు మాట వ్రాసిన చీటిని ఆయన చేతికిచ్చిరి. దేవుని ఘనపరచువారిని దేవుడు ఘనపరచునను భావము గలది ఆ వచనము. పతకమే ఆ ఘనతయని లోకము తలంచెను. మరుసటి సంవత్సరమే ఆయన చైనా దేశమునకు పోయెను. పంపినది లండన్ మిషనరీ సొసైటీ. మన గుత్తి, కడప, జమ్మలమడుగు ప్రాంతములలో పనిచేసిన మిషనే. యుద్ధము సమీపింపగా 1941లో గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడాకు పంపివేసెను. అక్కడ పుట్టిన మూడవ బిడ్డను ఆయన ఈ లోకములో చూడలేదు. 1943లో జపానువారు ఆయనను వైహ్సియెన్ శిబిరములో నిర్బంధించిరి. అక్కడ తల్లిదండ్రులకు దూరమైన పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆటలు ఆడించుచు, మెదడులో పుట్టిన కంతివలన 1945 ఫిబ్రవరి 21న, 43 ఏండ్ల వయస్సున ప్రభువునందు నిద్రించెను. ఆరు నెలలలోపల శిబిరమునకు విడుదల వచ్చెను. ఆయనకొరకు గాలి తిరుగలేదు, నర్సు పరుగెత్తి రాలేదు. దేవుడు ఆయనను ఘనపరచినది పారిస్‌లోనా, వైహ్సియెన్‌లోనా? చదువరీ, మీ పిల్లలను ఈ ప్రశ్న అడుగుడి.

కెండ్రిక్ సహోదరులకు న్యాయము చేయుటకు ఇంకొక మాట చెప్పవలెను. వారు 2011లో తీసిన ‘కరేజియస్’ అను చిత్రములో ఒక పోలీసు ఉద్యోగి చిన్న కుమార్తె ప్రమాదములో మరణించును. ఆ బిడ్డను వారు తిరిగి ఇయ్యలేదు. తండ్రి ఆ దుఃఖముతోనే విశ్వాసమునందు నడువవలసివచ్చెను. అయిదేండ్ల ముందు దాటిపోయిన చోట వారు అప్పుడు నిలిచిరి. మొదటి చిత్రములోను వారికి ఆ శక్తి లేకపోలేదు. బ్రాక్ అను బాలుడు కన్నులకు గంతలు కట్టుకొని, తోటి బాలుని వీపుమీద మోయుచు, మోకాళ్లు నేలకు తగలకుండ చేతులతో కాళ్లతో ప్రాకుచు మైదానమంతయు దాటిన దృశ్యము చూచితిరా? అది ఆట కాదు. అక్కడ గెలుపు లేదు, బహుమానము లేదు. అందుచేతనే అది నిజముగా నున్నది.

కాబట్టి ఈ చిత్రమును ఇంటిలో చూపవద్దని నేను చెప్పను. చూపుడి, అయితే మూడుచోట్ల ఆపుడి. బ్రూక్ వైద్యశాల వెలుపల నిలిచినప్పుడు ఆపి, నర్సు రాకపోయిన ఆమె రేపు ఏమి చేయును అని అడుగుడి. జట్టు ఓడినప్పుడు ఆపి, ఈ ఓటమి కొట్టివేయబడకపోయిన ఆ పిల్లలు సోమవారమున బడికి ఏ ముఖముతో పోవుదురు అని అడుగుడి. ఆఖరి తన్నుకు ముందు ఆపి, అవతలి జట్టులో ప్రార్థించుచున్న బాలునికి మీరేమి చెప్పుదురు అని అడుగుడి. పిల్లలు చెప్పు జవాబులను వినుడి. మీ జవాబును చివర చెప్పుడి. చిత్రము చేయక విడిచిన పని అప్పుడు మీ యింటిలో జరుగును.

ఆ సహోదరి యింటికి నేను మరల పోయితిని. లూకా 1వ అధ్యాయమును చదివి, “అమ్మా, మీ ప్రార్థనలో తక్కువేమియు లేదు. నేను చూపిన సినిమాలో తక్కువున్నది” అని చెప్పితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “ఈ మాట ఆ రోజే చెప్పవలసింది గదా, అయ్యగారూ” అనెను. ఆమె భర్త తల వంచుకొనియే యుండెను. మేము ముగ్గురమును మోకరించితిమి. బిడ్డను ఇమ్మని మరల అడిగితిమి. అడుగుట మానవలెనని ఎవరు చెప్పిరి? ఇయ్యకపోయినను నీవే మాకు దేవుడవని చెప్పితిమి. ఆ మాట చెప్పుచుండగా తలుపు ఎవరును తట్టలేదు.

చదువరీ, మనలో అనేకులు అట్టి యింటిలోనే ప్రార్థించుచున్నాము. తలుపు తట్టబడకపోయినను ఆయనను స్తుతించు కృపను ప్రభువు మనకును మన పిల్లలకును దయచేయునుగాక. ఆమేన్.